టమాటా గుజ్జు మీద వెయ్యి మాటలు

గురువారం పొద్దున్న విదాద్ వేసుకున్న ప్రణాళికలో వంక పెట్టడానికేమీ లేదు. ఎనిమిదింటికి బజారు. ముగ్గురు కొట్టువాళ్ళతో నాలుగేసి మాటలు. పదకొండుకల్లా ఇల్లు. మూడింటికల్లా వెయ్యి మాటల వ్యాసం. పంపడానికి గడువు సాయంత్రం ఆరింటి దాకా ఉంది కాబట్టి మధ్యలో ఓ కునుకు, కునుకు తర్వాత ఓ గ్లాసు టీ.

విదాద్ ట్యూనిస్‌లో విలేకరి చదువు ఆఖరి సంవత్సరంలో ఉంది. బాబ్ సాదూన్ దగ్గర మేనత్త మనూబియా ఇంట్లో ఉంటోంది. తండ్రి గాబెస్‌లో ఉంటాడు. వేసవిలోగా రాజధానిలో ఉద్యోగం దొరక్కపోతే ఊరికొచ్చి చిన్నాన్న డ్రైవింగ్ స్కూల్లో కూర్చుని దరఖాస్తులు నింపాలని ఆయన తేల్చి చెప్పాడు. ఆ పిల్ల నాలుగేళ్ళు చదివింది దరఖాస్తుల్లో రక్తం గ్రూపు నింపడానికి కాదు. మిగిలిన ఆశల్లా ఒక ఆర్థిక వారపత్రిక విద్యార్థులకి పెట్టిన వ్యాసాల పోటీ. గెలిచినవాళ్ళకి ఆ పత్రికలోనే ఏడాది ఉద్యోగం.

దేని మీద రాయాలో తోచక వారం క్రితం నౌఫల్ మాస్టారిని అడిగింది. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ చెప్పాడు. "కొరతల మీద రాయకు. పంచదార లేదు, కాఫీ లేదు, పాలు లేవు అని మిగతా నలభై మందీ రాస్తారు. చదివేవాడికి ఆ సంగతి నీకంటే ముందే తెలుసు, వాడు వరసలో నిలబడి వచ్చాడు. పుష్కలంగా ఉన్నదేదో పట్టుకో. అది ఎందుకు ఉందో రాయి. ఇంకోమాట, తెలిసినవాళ్ళ కొట్లకి వెళ్ళకు. తెలిసినవాళ్ళు నీకు నచ్చేది చెబుతారు."

పుష్కలంగా ఉన్నది టమాటా గుజ్జు. ట్యూనిస్‌లో ఏ కొట్టులో చూసినా ఎర్ర డబ్బాలు నేల నుంచి కప్పు దాకా పేర్చి ఉంటాయి. అది పడని కూర ఈ ఊళ్ళో కూర కాదు, అది లేని గోధుమరవ్వ కుస్‌కుస్ పథ్యం కింద లెక్క.

"దాని మీద రాయడానికేముందే? డబ్బా తెరుస్తాం, కూరలో వేస్తాం, అయిపోతుంది," అంది మనూబియా అత్త, రొట్టె ముక్క ఆలివ్ నూనెలో ముంచుతూ.

"అదే అత్తా. బజార్లో ఎప్పుడూ ఎందుకు అయిపోదో రాస్తాను."

"పొద్దున్నే అయిపోవడం మాట ఎత్తకు. నోరు కడుక్కునిరా."

విలేకరి శుభ్రంగా కనబడాలి కదా అని మౌఖిక పరీక్షలకని కుట్టించుకున్న నల్లకోటు ఇస్త్రీ చేసి తొడుక్కుంది విదాద్. గట్టి అట్ట ఉన్న పెద్ద నోటుపుస్తకం చంకలో పెట్టుకుంది. తెలిసిన మొహం ఎదురు కాకుండా రెండు పేటలు దాటి హల్ఫావీన్ బజారుకి నడిచింది.

మొదట కనబడింది ఖమైస్ కిరాణా కొట్టు. ఖమైస్‌ది ఆ కొట్టులో ఇరవై ఆరేళ్ళ అనుభవం. నిక్కచ్చి మనిషి, ఎవర్నీ మోసం చేసినవాడు కాదు. కాకపోతే కిందటి రోజు సాయంత్రం టమాటా డబ్బాల ముందున్న ధర చీటీ ఊడిపోయింది. రేపు అంటిద్దాంలే అనుకుని ఊరుకున్నాడు. ధర చీటీ లేని సరుకు తనిఖీవాళ్ళ కంట పడితే జరిమానా. ఆ రేపు ఇవాళే. ఇస్త్రీ కోటు, పెద్ద పుస్తకం, మెడ చాచి అలమరలు చూసే చూపు, చేతిలో సంచీ లేదు. ఖమైస్‌కి విషయం అర్థమైపోయింది.

"సలాం బాబాయ్ గారూ. ఈ టమాటా గుజ్జు డబ్బా ఎంత?" అంది విదాద్.

"ఎంత ఉండాలో అంతే మేడం."

"అంటే?"

"ప్రభుత్వం ఎంతంటే అంత. ఒక్క మిల్లీము కాసైనా ఎక్కువ లేదు."

విదాద్ రాసుకుంది. "ఎన్ని డబ్బాలుంటాయి మీ దగ్గర?"

"కనబడుతున్నవే మేడం. కనబడనివి లేవు." ఖమైస్ నుదురు తుడుచుకున్నాడు.

ఆయన కంగారు చూసి విదాద్‌కి జాలేసింది. "బాబాయ్ గారూ, నేను ఆఫీసర్ని కాను. స్టూడెంటుని. ఒక వ్యాసం రాసుకుంటున్నాను, అంతే."

అలా అనకుండా ఉంటే కొంప ఇంతగా మునిగేది కాదు. ఇరవై ఆరేళ్ళలో ఆ కొట్టుకొచ్చిన ఏ తనిఖీ ఆఫీసరూ తాను ఆఫీసర్నని చెప్పలేదు. ఒకాయన అద్దె ఇల్లు వెతుక్కుంటున్నానన్నాడు. ఒకాయన పెళ్ళికి బాదంపప్పు బేరం చేశాడు. స్టూడెంటు అనేది కొత్తగా ఉందని ఖమైస్ లోలోపల మెచ్చుకున్నాడు.

"కాఫీ తెప్పిస్తాను మేడం. వాసనకి జెరేనియం పూల నీళ్ళు వేసి."

"వద్దండీ. మేం ఎవరి దగ్గరా ఏమీ తీసుకోకూడదు." నౌఫల్ మాస్టారు రెండో సంవత్సరంలో చెప్పిన మూడో పాఠం అది.

ఖమైస్ గుండె జారిపోయింది. కాఫీ తాగే ఆఫీసరుతో మాట్లాడొచ్చు, రెండు గ్లాసులు తాగే ఆఫీసరుతో చుట్టరికం కూడా కలుపుకోవచ్చు. కాఫీ ముట్టని ఆఫీసరుని ఆయన ఇదే చూడడం. విదాద్ తల వంచి రాసుకుంటున్నంత సేపూ చేతికందిన డబ్బా అందినట్టు బల్లకిందకి దించాడు. ఆమె అటు వెళ్ళగానే పక్క సందులో కొట్టు నడిపే బావమరిదికి ఫోన్ చేశాడు.

"గుజ్జు లోపల పెట్టెయ్. ఆడ ఆఫీసరు. కాఫీ తాగదు."

రెండో కొట్టుకి వెళ్ళేసరికి సబ్బులకీ సేమియాకీ మధ్య బారెడు అలమర ఖాళీగా ఉంది. "టమాటా గుజ్జా? మేమెప్పుడూ అమ్మలేదండీ," అన్నాడు కొట్టువాడు. ఆయన తల వెనక గోడ మీద టమాటా గుజ్జు కంపెనీవాళ్ళ క్యాలెండరు వేలాడుతోంది. మూడో కొట్టులోనూ లేదు. నాలుగో కొట్టువాడు ఆమెని దూరం నుంచి చూసి షట్టరు సగం దించేశాడు.

విదాద్ బజారు మధ్యలో నిలబడిపోయింది. నిన్నటి దాకా కొండల్లా ఉన్న డబ్బాలు ఇవాళ మాయం! ఇంకెవరూ కనిపెట్టలేదు, తానొక్కతే కనిపెట్టింది. సంతోషంతో ఆమెకి కాళ్ళు నేల మీద ఆనలేదు. కాఫీ కొట్టులో మూల బల్ల చూసుకుని కూర్చుని ఫోన్‌లో 'ఎవరు దాచారు మన టమాటా?' అని శీర్షిక పెట్టింది. తాను లోపలికి వెళ్ళినప్పుడు నిండుగా ఉన్న అలమర బయటికి వచ్చేటప్పటికి సగమైందని, ఖమైస్ అనే వర్తకుడు సరుకు దాస్తున్నాడని రాసింది. వెయ్యి మాటలు పదకొండున్నరకే పూర్తయ్యాయి. చదువుకుంటే తనకే ఒళ్ళు పులకరించింది.

ఈ లోపల ఖమైస్ కొట్టు దగ్గర ఇంకో సంగతి జరిగింది. గుడ్ల కోసం వచ్చిన జోహ్రా అనే ఆవిడ గుమ్మంలో నిలబడి ఆయన డబ్బాలు దించడం కళ్ళారా చూసింది. కొట్టువాడు సరుకు దాచాడంటే రేపు ధర పెరుగుతుందన్న మాట. ఇది ఆ ఊళ్ళో పసిపిల్లకి కూడా తెలుసు.

"రెండు డబ్బాలు గుజ్జు ఇవ్వు," అంది.

"లేవమ్మా."

"నీ కాళ్ళ దగ్గరున్నవి ఏంటి మరి, చెప్పులా?"

ఖమైస్ అటూ ఇటూ చూసి రెండు డబ్బాలు కాగితంలో చుట్టి ఇచ్చాడు. "ఎవరికీ చెప్పకమ్మా, నీకు పుణ్యముంటుంది."

జోహ్రా ఎవరికీ చెప్పలేదు. ఎదురుగా ఉన్న పార్లర్‌లో ఒక్క సబీహాకే చెప్పింది. అప్పుడు సబీహా చేతికింద నలుగురు ఆడవాళ్ళు తలకి రంగు వేయించుకుని కూర్చుని ఉన్నారు. అయిదు నిమిషాల్లో వాళ్ళు నలుగురూ తలకి ప్లాస్టిక్ సంచులతోనే ఖమైస్ కొట్టు ముందు నిలబడ్డారు. తలకి సంచులు కట్టుకుని పరిగెత్తుకొచ్చారంటే సరుకు ఎంత గొప్పదో అని వాళ్ళ వెనక ఇంకో పదిమంది. ట్యూనిస్‌లో మనిషి ముందు వరసలో నిలబడతాడు, అది దేనికో తర్వాత అడుగుతాడు. ముందు అడిగితే అయిదుగురి వెనక పడతాడు.

పన్నెండున్నరకి విదాద్ ఫోన్ మోగింది. మనూబియా అత్త.

"ఎక్కడున్నావే? హల్ఫావీన్‌లో ఖమైస్ కొట్టు దగ్గరికి పరిగెత్తుకు రా. దేశంలో టమాటా గుజ్జు లేదట!"

"నాకు పొద్దున్నే తెలుసు అత్తా," అంది విదాద్ గర్వంగా.

"తెలిసి నాకు చెప్పలేదా? ఇంటి తిండి తింటున్నావా, హోటల్ తిండా? తలకి రెండే ఇస్తున్నాడు. నాకింకో తల కావాలి, రా."

విదాద్ వెళ్ళేసరికి వరస సందు మలుపు దాకా ఉంది. మలుపు దగ్గర చేతిలో వల సంచీతో నౌఫల్ మాస్టారు నిలబడి ఉన్నాడు.

"మీరు కూడానా సార్?"

"మా ఆవిడ పంపింది. నువ్వు దేని మీద రాస్తున్నావన్నావు?"

"టమాటా గుజ్జు సార్. ఎందుకు అయిపోదో..."

మాస్టారు వరస వంక ఒకసారి చూశాడు. "నిన్న రాసి ఉండాల్సింది."

ఆమె తన వ్యాసం ఫోన్‌లో చూపించింది. ఆయన నిలబడే చదివాడు. వరస కదిలినప్పుడల్లా ఒక అడుగు వేస్తూ, చివరి వాక్యం దాకా చదివాడు. "గట్టిగా ఉంది విదాద్. ఇది గెలుస్తుంది," అన్నాడు. విదాద్‌కి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆయన ఎవర్నీ ఊరికే మెచ్చుకోడు.

"ఒక్క ప్రశ్న. దాచాడన్నావు. ఎందుకు దాచాడు?"

"ధర పెరుగుతుందని సార్. అందరూ అంటున్నారు."

"అందరూ అనే మనిషిని నేనెరగను. పేరు కావాలి. ఇదిగో, వరస ఇక్కడే ఉంది. నీకెవరు చెప్పారని అడుగుతూ ముందుకెళ్ళు. మొదటి మనిషి దొరికిందాకా ఆగకు."

విదాద్ అత్తతో మొదలుపెట్టింది. అత్తకి మేడ మీదుండే దూజా చెప్పింది. దూజాకి, రెండోసారి వరసలోకొచ్చి పదకొండో స్థానంలో ఉన్న ఆవిడ చెప్పింది. ఆవిడ తల సంచీ సర్దుకుంటూ సబీహా వైపు చూపించింది. సబీహా జోహ్రాని చూపించింది. జోహ్రా ఖాళీ పండ్లపెట్టె తిరగేసి దాని మీద కూర్చుని ఉంది. ఒళ్ళో పద్నాలుగు డబ్బాలున్నాయి. తలకి రెండే కదా అని అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

"నాకెవరూ చెప్పలేదు. నా కళ్ళతో నేనే చూశాను. బల్లకింద దాస్తున్నాడు. ఎందుకంటే ఏం చెప్పను, ఆయన్నే అడుగు."

వరస తిడుతున్నా వినకుండా విదాద్ కొట్టులోకి దూరింది. ఖమైస్ ఆమెని చూడగానే చేతులు పైకెత్తాడు.

"అన్నీ అమ్మేస్తున్నాను మేడం! వెనకగదిలో పెట్టెలు కూడా తెరిచేశాను. ఒక్కటి కూడా దాచుకోలేదు!"

"మరి పొద్దున్న ఎందుకు దాచారు బాబాయ్ గారూ?"

"మీరొచ్చారు కాబట్టి."

విదాద్ వెనక్కి తిరిగి చూసింది. వెనక వరస తప్ప ఎవరూ లేరు. "నేనా? నేనెవర్ని అనుకున్నారు?"

"అది నన్ను అడక్కండి మేడం. మీరు చెప్పట్లేదు, నేనేమో తెలియనట్టే ఉండాలి. పద్ధతి అదేగా."

విదాద్ కాలేజీ కార్డు తీసి చూపించింది. ఖమైస్ దాన్ని వెలుతురులో పెట్టి చూశాడు. "ఈమధ్య కార్డులు కూడా ఇస్తున్నారన్నమాట," అన్నాడు గౌరవంగా.

ఆ సమయానికి మనూబియా అత్త రాకపోతే ఆ గౌరవం ఎందాకా పోయేదో. ఆవిడ ఖమైస్‌కి కొత్త కాదు. పదేళ్ళుగా శుక్రవారం శుక్రవారం ఆ కొట్టుకొచ్చి ఆలివ్ కాయల బేరంలో ఆయన ఆయుష్షు కాస్త కాస్తగా తగ్గిస్తోంది.

"ఆఫీసరేంటయ్యా? అది నా మేనకోడలు! గుడ్డు పెనానికి అంటకుండా వేయించడం రాదు, దానికి ఆఫీసరు ఉద్యోగం ఎవరిస్తారు?"

ఖమైస్ బియ్యం బస్తా మీద కూలబడ్డాడు. నెమ్మదిగా అన్నాడు. "చీటీ ఊడిపోయిందమ్మా. అంతే. జిగురు కొనడానికి బద్ధకించాను." తర్వాత ఆమె నోటుపుస్తకం వంక చూశాడు. "అందులో నా పేరు రాశావా తల్లీ? దాచానని పేపర్లో వస్తే కొట్టుకి సీలు వేస్తారు. నాకు ఇది తప్ప వేరే పని రాదు."

విదాద్ నోటుపుస్తకం మూసేసింది. గుమ్మంలోకొచ్చి, పండ్లపెట్టె ఇంకోటి తిరగేసి, దాని మీద ఎక్కింది.

"అమ్మా! అయ్యా! అందరూ వినండి! కొరత ఏమీ లేదు! గుజ్జు కావలసినంత ఉంది. జరిగిందంతా నా వల్ల. దయచేసి ఇళ్ళకి వెళ్ళండి!"

ముందు వరసలో ఒకావిడ వెనక్కి తిరిగి, వెనకవాళ్ళకి వినబడేలా చెప్పింది. "విన్నారా? పొద్దున్న తనిఖీకొచ్చిన ఆఫీసరమ్మే స్వయంగా కొరత లేదంటోంది."

"అయ్యో, అంటే పూర్తిగా అయిపోయిందన్నమాట," అంది పక్కావిడ.

పది నిమిషాల్లో వరస ట్రామ్ పట్టాలు దాటింది. ఆమె తరగతిలోనే చదివే లస్సాద్ అప్పుడే అటుగా వచ్చాడు. వాడు ఫోన్ తీసి వరస ఫొటోలు రెండు తీసుకున్నాడు. విదాద్ పెట్టె దిగి లోపలికి వెళ్ళిపోయింది కాబట్టి వాడు ఆమెని చూడలేదు. నలుగురిని నాలుగు మాటలడిగి, పుస్తకంలో రాసుకుని వెళ్ళిపోయాడు.

నాలుగింటికి నౌఫల్ మాస్టారు తన రెండు డబ్బాలతో కాఫీ కొట్టులో విదాద్ ఎదురుగా కూర్చున్నాడు. ఆమె ముందు కాఫీ చల్లారిపోయింది.

"సార్, పోటీ నియమాల్లో ఒకటుంది. రాసే మనిషికి ఆ సంఘటనలో పాత్ర ఉండకూడదని."

"ఉంది. ఏడోది."

"జరిగింది జరిగినట్టు రాస్తే పక్కన పడేస్తారు."

"పడేస్తారు."

"పొద్దున్న రాసింది పంపితే?"

"గెలుస్తుందని ముందే చెప్పాను. ఏం చెయ్యాలో మాత్రం నేను చెప్పను. నేను చెబితే అది నా వ్యాసం అవుతుంది." మాస్టారు లేచి డబ్బాలు వల సంచీలో వేసుకున్నాడు. "ఇవి వెనక్కిస్తే మా ఆవిడ ఊరుకోదు. ఏమీ అనుకోకు."

ఆయన వెళ్ళాక విదాద్ ఏడ్చింది. కోపంతో కొంత, సిగ్గుతో కొంత, గాబెస్ గుర్తొచ్చి మిగతాది. మొహం కడుక్కొచ్చి పొద్దుటి వ్యాసం మొత్తం తీసేసింది. కొత్తది రాసింది. ఊడిపోయిన చీటీ, తాగని కాఫీ, పార్లర్, పండ్లపెట్టె, ఏదీ వదల్లేదు. ఒక్క మనిషి అడిగిన ఒక్క ధర ఒక పేటలో డబ్బాలన్నీ ఎలా ఖాళీ చేసిందో గంటల వారీగా రాసి, ఆ మనిషి తానేనని మొదటి వాక్యంలోనే చెప్పింది. అయిదూ యాభై రెండుకి పంపింది.

సరిగ్గా రెండు వారాలకి, గురువారం ఫలితాలొచ్చాయి. మొదటి బహుమతి లస్సాద్‌కి. వ్యాసం పేరు 'ఒక సరుకు మాయమైన రోజు'. అందులో ఒక వాక్యం న్యాయనిర్ణేతలకి మరీ నచ్చిందట. 'పేరు వెల్లడించడానికి ఇష్టపడని ఒక మహిళా అధికారి కొరత వార్తలను అక్కడికక్కడే ఖండించారు.' విదాద్ వ్యాసం ఎదుట ఒకే మాట ఉంది, ఏడో నియమం.

ఆ సాయంత్రం తండ్రి ఫోన్ చేశాడు. తిట్టలేదు. "శనివారం బస్సుకి టికెట్ తీసుకున్నానమ్మా," అన్నాడు. ఆ మెత్తదనానికి విదాద్‌కి ఇంకా ఎక్కువ దిగులేసింది. అత్త పెట్టె సర్దిపెట్టింది. అడుగున ఆరు డబ్బాల టమాటా గుజ్జు పేర్చింది. ఇంట్లో ఇంకా ఇరవై రెండు ఉన్నాయి.

శుక్రవారం పొద్దున్న వారపత్రిక నుంచి ఫోన్ వచ్చింది. వెంటనే రమ్మన్నారు. సంపాదకురాలు రౌదా అనే ఆవిడ. జుట్టు నెరిసింది, గొంతు తగ్గలేదు. ఆవిడ బల్ల మీద రెండు వ్యాసాలు పక్కపక్కన ఉన్నాయి.

"కూర్చో. మీరిద్దరూ ఒకే రోజు, ఒకే బజారుకి వెళ్ళారు. అతనికి ఒక అధికారి కనబడింది. నీకేమో నువ్వే కనబడ్డావు. ఆ అధికారి ఎక్కడుందో నీకు తెలుసా?"

"తెలుసండీ," అంది విదాద్ తల వంచుకుని. "మీ ఎదురుగా కూర్చుంది."

రౌదా గారు చాలాసేపు నవ్వారు. కళ్ళు తుడుచుకుని, గొంతు సవరించుకున్నారు. "ఫలితాలు ప్రకటించేశాం. బహుమతి వెనక్కి తీసుకుంటే పరువు పోతుంది, ఆ వ్యాసం అచ్చు వేస్తే ఇంకా ఎక్కువ పోతుంది. నా దగ్గర రాసేవాళ్ళు పదహారుమంది ఉన్నారమ్మా. నీకెవరు చెప్పారని అడిగే మనిషి ఒక్కరూ లేరు. సోమవారం నుంచి రాగలవా? ఏడాదికి. వచ్చిన ప్రతి వ్యాసం నువ్వు సరిచూశాకే అచ్చుకి వెళుతుంది."

విదాద్ మెట్లు దిగుతూనే తండ్రికి ఫోన్ చేసింది. ఆయన ఒకటికి రెండుసార్లు అడిగి నమ్మాడు. టికెట్ డబ్బులు వెనక్కి రావని కాస్త బాధపడ్డాడు.

సోమవారం ఆమె చేరింది. ఎదురు బల్ల లస్సాద్‌ది. మొదటి నెలలో అతను తొమ్మిది వ్యాసాలు రాశాడు, ఆమె తొమ్మిదింటినీ తిప్పి పంపింది, అందులో నాలుగు బాగుపడి అచ్చయ్యాయి. నెలాఖరున ఇద్దరికీ జీతాలొచ్చాయి. పోటీలో గెలిచినవాడు కాబట్టి లస్సాద్‌కి అరవై దీనార్లు ఎక్కువ.